సెట్టింగులు ఎవరి చేతిల ఉన్నయ్?

గ్రాఫిక్స్ పెరిగేకొద్దీ వీడియో గేము బాగుపడుతుందా, చెడుతుందా? ఆడేవాళ్లు తమకు నచ్చినట్టు ఆటను మార్చుకునే మాడ్‌లు మేలా, కీడా? హైదరాబాదులో ఈ వాదన ఖరీదైన కంప్యూటర్ల చుట్టూ తిరుగుతుంది. గంభీరావుపేటలో ఫోన్ల చుట్టూ తిరుగుతుంది. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఈ మండల కేంద్రంలో 2023లో కేజీ నుంచి పీజీ దాకా ఒకే ప్రాంగణంలో చదువుకునే బడి మొదలైంది. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందికి గేము అంటే చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే. అందుకని ఈ వాదనను ఇద్దరి నోట పెట్టాను. ఒకరు గంభీరావుపేటలో సెల్లు రిపేరు దుకాణం నడిపే బావ, ఇంకొకరు హైదరాబాదులో గేములకు బొమ్మలు గీసే బామ్మర్ది. ఇద్దరూ కల్పితమే. వాళ్లు ముందుపెట్టే సాక్ష్యాలు మాత్రం కావు.

బావ: నీ కొలువు మీద కోపంతోని అంటలేను బామ్మర్దీ. కానీ గ్రాఫిక్స్ ఎంత పెరిగితే ఆట అంత మంచిగైతదన్న మాటను ఆడే పిల్లలే కొట్టేస్తున్నరు. పిల్లలు ఆడే బీజీఎంఐ అనే కాల్పుల ఆట తెరిచి సెట్టింగ్స్‌లకు పో. స్మూత్, బ్యాలెన్స్‌డ్, హెచ్‌డీ, హెచ్‌డీఆర్, అల్ట్రా హెచ్‌డీ అని వరసగ ఉంటయి. ఆట మీద పట్టు దొరికినోడు పై మెట్టు ఎక్కడు. కింది మెట్టు, స్మూత్ పెట్టుకుంటడు. పక్కనే ఉన్న ఫ్రేమ్ రేటును మాత్రం ఎక్స్‌ట్రీమ్ చేస్తడు. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ నడుమ 33 మిల్లీసెకన్లు పడుతది, 60 అయితే దాంట్ల సగమే. తలుపు సందుల నుంచి ఒకడు తొంగి చూసినప్పుడు ముందుగాల ఎవరు కాలుస్తరనేది ఆ సగంల తేలుతది. నీడలు, మెరుపులు తీసేస్తే ఫోను తొందరగ వేడెక్కదు, వేడెక్కకపోతే ఫ్రేములు పడిపోవు. మీరు నెలల తరబడి గీసిన సొగసునంత పిల్లగాడు ఒక్క నొక్కుతోని పక్కకు పెట్టి ఆట ఆడుతున్నడు. ఇగ మాడ్‌లంటే ఏందో ఎరికనే. మాడ్ ఏపీకే అని ఎవడో తెల్వనోని సైటు నుంచి దింపుకునుడు, అది ఫోన్ల ఏం చేస్తదో తెల్వకపాయె. ఆటల దొంగదారి, ఫోన్ల దొంగ.

బామ్మర్ది: నువ్వు ఒకటి దాచి ఇంకోటి చూపిస్తున్నవ్ బావా. పది పన్నెండు వేల ఫోను పట్టుకున్నోడు స్మూత్ పెట్టుకుంటే అది వాని ఇష్టం కాదు, వాని గతి. ఇంట్ల బియ్యం లేనోన్ని చూసి ఉపవాసమున్నడని మెచ్చుకున్నట్టున్నది నీ లెక్క. ఇంకోటి, ఫ్రేములు పైనుంచి ఊడిపడవు. సెకనుకు 60 బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ చిప్పే. 90 ఫ్రేములైనా, తర్వాత వచ్చిన 120 అయినా ముందు ఖరీదైన ఫోన్లకే వచ్చినయి. గ్రాఫిక్స్ పోటీ లేకుంటే నీ స్మూత్‌కు ఆ ఉరుకుడు ఎక్కడిది? మాడ్‌ల సంగతంటవా, మనోళ్లు ఆడే ఆటే మాడ్ కడుపున పుట్టింది. చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ చేసిన ఆర్మా 2 అనే సైనికుల ఆటకు డీన్ హాల్ 2012ల డేజీ అనే మాడ్ చేసిండు. దాని మీద ఇంకో మాడ్ కట్టి, ఆఖరికి ఒక్కడు మిగిలేదాక కొట్టుకునే పద్ధతి తెచ్చినోడు బ్రెండన్ గ్రీన్, 2013ల. ఆయనను కొరియా కంపెనీ పిలిపించుకుంటే 2017ల పబ్జీ వచ్చింది. మన దగ్గర 2020 సెప్టెంబర్ల దాని మొబైల్ రూపం మీద నిషేధం పడ్డది, 2021 జూలైల బీజీఎంఐ అని పేరు మార్చుకొని వచ్చింది. ఇంటర్‌నెట్ సెంటర్లల్ల ల్యాన్ మీద ఆడిన కౌంటర్‌స్ట్రైక్ కూడ 1999ల మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు హాఫ్‌లైఫ్‌కు చేసిన మాడే. మరుసటేడు వాల్వ్ కంపెనీ దాన్ని సొంతం చేసుకున్నది. డోటా పుట్టింది వార్‌క్రాఫ్ట్ 3ల. అంతెందుకు, 1993ల డూమ్ చేసినప్పుడే ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు మ్యాపులను, బొమ్మలను విడి ఫైళ్లల్ల పెట్టిన్రు, ఆడేటోళ్లు మార్చుకునేటందుకు. మాడ్‌లను చెరిపేస్తే నీ దుకాణం ముందట పిల్లలు ఆడే ఆటే మిగలదు.

బావ: గతి అంటున్నవు. మరి టోర్నమెంట్లల్ల లక్షల బహుమతి కోసం ఆడేటోళ్ల చేతుల ఖరీదైన ఫోన్లు ఉంటయి గదా, వాళ్లు కూడ స్మూతే ఎందుకు పెడుతున్నరు? బొమ్మ అందంగ ఉండుడు ఒకటి, బొమ్మ నీకు సంగతి చెప్పుడు ఇంకోటి. గోడ చాటున నిలబడ్డోని నీడ నేల మీద పడి వాని జాడ చెప్తే, ఆ నీడ ఆటల భాగం. పొద్దుగూకే ఎండ అద్దం మీద మెరిసి కన్నుకు అడ్డం పడితే, అది నీ సోకు. మాడ్‌ల పుట్టుక గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంట. కానీ డేజీ, కౌంటర్‌స్ట్రైక్ కొత్త నియమాలు తెచ్చినయి. ఇప్పటోళ్లు తెచ్చేదేంది? ఐప్యాడ్ వ్యూ. సన్నగ పొడుగున్న ఫోను తెరను, ఐప్యాడ్ లెక్క నాలుగుకు మూడు కొలతల తెర అని ఆటకు అబద్ధం చెప్పుడు. అట్ల నమ్మిస్తే పైనా కిందా ఇంకింత జాగ కనబడుతది. మామూలు తెర మీద కనబడనోడు వీనికి కనబడుతడు. కంపెనీ ఖాతాలు బంద్ చేస్తనే ఉన్నది, వీళ్లు కొత్త ఖాతా తెరుస్తనే ఉన్నరు.

బామ్మర్ది: అది మోసం, దాన్ని నేను వెనకేసుకొస్తలేను. కానీ మన పిల్లల చేతులల్ల ఉన్న మాడ్ అదొక్కటే కాదు. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా చూసినవా? మలియో అనే ఇండోనేషియా సంస్థ 2017ల విడుదల చేసింది, అందరు బస్సిడ్ అంటరు. బస్సు మీది రంగును, లివరీ అంటరు దాన్ని, ఆడేటోడే పెట్టుకునే వీలు ఆ ఆటలనే ఇచ్చిన్రు. తర్వాత బస్సుకు బస్సే మార్చుకునే మాడ్‌లకు కూడ తలుపు తెరిచిన్రు. లివరీ అంటే ఒక పీఎన్‌జీ బొమ్మ. బస్సు ముందు భాగం, రెండు పక్కలు, వెనుక, పైకప్పు, అన్నీ ఒకే చదునైన బొమ్మల విడివిడిగ పరిచి ఉంటయి. పిల్లగాడు ఆ టెంప్లేట్‌ను పిక్సార్ట్‌లనో పిక్సెల్‌ల్యాబ్‌లనో తెరిచి పల్లెవెలుగు రంగులు నింపుతడు. పక్కల మీద ఆర్టీసీ గుర్తు పెడుతడు. ముందటి అద్దం మీద సిరిసిల్ల – గంభీరావుపేట అని బోర్డు రాస్తడు. కిటికీల కింద పోయే చార వెంట్రుకవాసి పైకి జరిగినా, ఆటల బస్సు మూల తిరిగినకాడ రెండు చారలు కలువవు. మళ్లీ తెరువాలె, జరుపాలె, సేవ్ చేయాలె, ఆటల పెట్టి చూడాలె. ఇది గ్రాఫిక్సా, మాడా? రెండూ. దీంతోని బస్సు ఉరుకుడు పెరగదు, ఎవడూ ఓడిపోడు. కానీ ఆడేటోడు నడిపే బస్సు తన ఊరి బస్సైతది. నియమాలు మారలేదని దీన్ని సోకు అని కొట్టిపారేస్తవా?

ఇక్కడ నేనొక మాట కలపాలి. తెలుగు, మలయాళ పిల్లలు ఈ ఇండోనేషియా ఆటనే పట్టుకోవడం వట్టి యాదృచ్ఛికం కాదనుకుంటాను. ఇండోనేషియాలోనూ మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతారు. స్టీరింగు కుడివైపు, జనం ఎక్కే తలుపు ఎడమవైపు. జర్మనీ బస్సుకో అమెరికా బస్సుకో ఆర్టీసీ రంగు పూస్తే తలుపు తప్పుడు వైపున మిగులుతుంది, ఏ సొగసూ దాన్ని కప్పలేదు. బస్సిడ్ చిత్రాలు పెద్ద కంపెనీల ఆటల ముందు వెలవెలబోతాయి. అయినా తలుపు సరైన వైపున ఉంది. రంగు మాత్రమే మార్చాలి, అది మార్చే వీలు ఆటలోనే ఉంది. ఆట తనదని ఆడేవాడికి అనిపించడానికి పిక్సెళ్ల లెక్కకన్నా ఈ రెండు సంగతులే ఎక్కువ పనిచేశాయి. పెద్ద ఆటల్లో తెలుగు అక్షరం కనిపించడమే అరుదైన చోట, అద్దం మీది ఆ బోర్డు చిన్న విషయమేమీ కాదు.

బావ: సరే, లివరీని సోకు అని కొట్టిపారెయ్య. దాంతోనే నాకో లెక్క దొరికింది. స్మూత్ పెట్టుకున్నోడూ లివరీ గీసినోడూ చేసింది ఒక్కటే పని, తన చేతికిచ్చిన సెట్టింగ్‌ను తను తిప్పుకున్నడు. ఐప్యాడ్ వ్యూ పెట్టుకున్నోడు కూడ నా ఫోను నా ఇష్టమంటడు గానీ, మ్యాచ్‌ల ఉన్న మిగతా తొంభై తొమ్మిది మంది ఆటను వాళ్లను అడగకుండ తిప్పిండు. గ్రాఫిక్స్ ఎక్కువా తక్కువా అని కొట్లాడేకన్న, సెట్టింగ్ ఎవరి చేతిల ఉన్నది, అది తిప్పితే ఎవరి ఆట మారుతది అని అడుగుడు మంచిది. రాక్‌స్టార్ కంపెనీ ఆట జీటీఏ శాన్ ఆండ్రియాస్ సంగతి చూడు. 2004ల అది వచ్చిన ప్లేస్టేషన్ 2ల ఉన్న ర్యామ్ 32 ఎంబీ. దూరమున్నయన్నీ గీసే శక్తి లేక మసక కప్పిన్రు. ఆ మసక పుణ్యాన మూడు పట్నాలు ఒకదానికొకటి ఎక్కడో దూరమున్నట్టు అనిపించేది. 2021 నవంబర్ 11న డెఫినిటివ్ ఎడిషన్ అని కొత్త హంగులతోని అమ్మినప్పుడు ఆ మసక పోయింది. విమానమెక్కితే రాష్ట్రమంత ఒక్క చూపుల ఇమిడింది, ఇంత చిన్నదా అని జనం నవ్విన్రు. వాన పడితే తెల్ల గీతలు తెర నిండ పరుచుకొని దారి కనబడకపోయేది. టఫ్ నట్ అని డోనట్ల దుకాణముంటది ఆటల. పాతదాంట్ల దాని మీద ఆరు మూలల పెద్ద నట్టు, మన స్పానర్‌తోని బిగించే నట్టు. డోనట్‌కూ నట్టుకూ ముడిపెట్టి చేసిన పరాచికం. మూలలన్నీ నున్నగ చేసే పనిల ఆ ఆరు మూలలు పోయి గుండ్రంగైంది, పరాచికం చచ్చింది. ఇవన్నీ తప్పులే గాని మాఫ్ చేయొచ్చు. అసలు నేరం వేరే. కొత్తది అమ్మకానికి పెట్టే ముందు పాతదాన్ని ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేసిన్రు. అదే ఏడు పాత ఆటల మాడ్‌ల మీద నోటీసులు పంపిన్రు, వైస్ సిటీ కోడ్‌ను తిరగరాసినోళ్ల మీద కోర్టుకు పోయిన్రు. ఆడేటోని చేతిల సెట్టింగ్ లేకుండ చేసిన్రు.

బామ్మర్ది: అయితే మాయాబజార్ సంగతి చెప్పు. 1957 నాటి నలుపు తెలుపు సినిమాను హైదరాబాదు గోల్డ్‌స్టోన్ వాళ్లు రంగులల్లకు మార్చి 2010ల విడుదల చేస్తే, పాత ప్రింటు ముందట కూసోని పిల్లలు కూడ థియేటర్లకు పోయి చూసిన్రు. కెమెరామెన్ మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతోని గీసినదాని మీద రంగు పూసుడు పాపమని అనేటోళ్లు అన్నరు. వాళ్ల బాధ నాకు అర్థమైతది, అయినా ఆ రంగు సినిమా కొత్త తరానికి తలుపు తెరిచింది. కొత్త గ్రాఫిక్స్ చేసేది గదే. ఇంకోటి, శాన్ ఆండ్రియాస్ మసకను కంపెనీకన్న ముందే మాడ్‌లు తీసేసినయి. కంప్యూటర్ మీద ఆడేటోళ్లు ఎన్నడో దూరదూరం కనబడేటట్టు చేసుకున్నరు. అప్పుడు ఆట చెడిపోయిందని ఎవరూ ఏడువలే. అదే పని రాక్‌స్టార్ చేస్తే నేరమెట్లైతది?

బావ: నువ్వు చెప్పిన రెండూ నా తరఫు సాక్ష్యాలే. మాయాబజార్‌కు రంగు పూసినంత మాత్రాన నలుపు తెలుపు మాయాబజార్ ఎక్కడికీ పోలే, ఇయ్యాల గూడ టీవీల వస్తది. ఇష్టమున్నోడు ఇది చూస్తడు, లేనోడు అది చూస్తడు. మసక తీసేసే మాడ్ పెట్టుకున్నోడు తన కంప్యూటర్ల పెట్టుకున్నడు, నచ్చకుంటే ఫైలు తీసేస్తడు, మసక తిరిగొస్తది. కంపెనీ తీసేస్తే తిరిగిరాదు. వాళ్లకు గూడ ఇది ఎరుకైంది. జనం తిడితే వారం తిరిగేవరకు రాక్‌స్టార్ మాఫీ అడిగింది, కంప్యూటర్ కోసం పాత ఆటలను తన దుకాణంల తిరిగి పెట్టింది. 2024 నవంబర్ల వచ్చిన అప్‌డేట్‌ల క్లాసిక్ లైటింగ్ అని ఒక సెట్టింగ్ ఇచ్చిన్రు, పాత ఆకాశం రంగు, పాత మసక. మూడేండ్లు పట్టింది ఒక్క సెట్టింగ్‌కు.

బావ లెక్క నాకూ నచ్చింది. అయితే అది ఆడేవాడి దగ్గరే ఆగకూడదు, చేసేవాళ్ల దాకా పోవాలి. 2023లో అమెరికా కోర్టు కేసులో సరిగ్గా చెరపని కాగితాల వల్ల సోనీ లెక్కలు బయటపడ్డాయి. ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి సుమారు 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కు 21 కోట్లకు పైగా ఖర్చయ్యాయి. ఆ డబ్బంతా చిత్రాలకే పోలేదు. కానీ ముఖం మీది చెమట చుక్క దాకా చూపాలంటే మనుషులూ ఏళ్లూ కావాలి, అంత పెట్టినవాడు కొత్త నియమంతో జూదమాడలేడు. డేజీలాంటి పిచ్చి ఊహ, కౌంటర్‌స్ట్రైక్‌లాంటి పొదుపైన ఊహ ఇలాంటి బడ్జెట్లలో పుట్టలేదు, ఇతరుల ఆటల మీద తోచింది చేసిన వాళ్ల చేతుల్లో పుట్టాయి. ఇటు కొనేవాడి సంగతి చూస్తే, 2025లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 కార్డు ఒక్కటే మన దేశంలో 2 లక్షల 14 వేల రూపాయల ధరతో దిగింది, పూర్తిగా పనిచేస్తే 575 వాట్లు తాగుతుంది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే మనిషికి ఈ ధర చెప్పి చూడండి. అలాంటి కార్డు ఉండటంలో తప్పు లేదు. అది లేనిదే ఆట మొదలు కాదనే రోజు వస్తే తప్పు. 30 కోట్లకు పైగా అమ్ముడైన మైన్‌క్రాఫ్ట్ ఇప్పటికీ చతురస్రపు దిమ్మెల ఆటే. సూపర్ డూపర్ గ్రాఫిక్స్ ప్యాక్ అని 2017లో ప్రకటించిన హంగును 2019లో వాళ్లే మానుకున్నారు. అప్పటికే కావలసినవాళ్లు షేడర్ మాడ్‌లతో నీళ్లనూ ఎండనూ మెరిపించుకుంటున్నారు, అక్కరలేనివాళ్లు దిమ్మెలతోనే ఆడుకుంటున్నారు.

బామ్మర్ది: లెక్క బాగనే ఉన్నది గాని దాంట్ల రెండు బొక్కలున్నయి. ఒకటి, ఆట కూడ ఒక కళ. రాత్రి చీకటిగ ఉండాలెనని గీసినోడు గీస్తే, ఆడేటోడు బ్రైట్‌నెస్ పెంచి భయమంత పాడుచేస్తడు. అన్ని సెట్టింగ్‌లు వాని చేతికిస్తే చేసినోని మాటకు విలువేంది? రెండు, మాడ్‌ల లోకంల కూడ దోపిడీ ఉన్నది. ఒకడు రాత్రులు కూసోని గీసిన లివరీని ఇంకోడు పేరు చెరిపి తనదని పెట్టుకుంటడు. సినిమా హీరోల ముఖాలు, బండ్ల కంపెనీల గుర్తులు ఎవర్నీ అడగకుండనే వాడుకుంటరు. పేరులేని పనికి పైస కూడ రాదు. దాన్ని నువ్వు స్వేచ్ఛ అంటున్నవ్.

బావ: మొదటిదానికి చెప్త. చేసినోని మాటే మొదటి సెట్టింగ్‌గ ఉండాలె, ఆట తెరువంగనే ఆయన గీసిన చీకటే కనబడాలె. ఆ తర్వాత చూపు ఆననోడు వెలుగు పెంచుకుంటే ఆయన కళకు ఏం నష్టం? పాట రాసినోని గొంతుతోనే పాడాలెనంటే ఊర్లె ఎవ్వరూ పాడొద్దు. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, దోపిడీ దోపిడే. సెట్టింగ్ చేతికొచ్చినంత మాత్రాన ఇంకొకని పని చేతికొచ్చినట్టు కాదు. కాకపోతే దాన్ని పెద్ద కంపెనీ చేతిల పెడితే ఆగుతదని మాత్రం అనకు. జీటీఏ 5ను వేరే సర్వర్ల మీద, సొంత నియమాలతోని ఆడుకునేటందుకు ఫైవ్‌ఎమ్ అని ఒక మాడ్ చేసిన్రు. 2015ల రాక్‌స్టార్ దాన్ని చేసినోళ్ల ఖాతాలు బంద్ చేసింది. 2023 ఆగస్టుల ఆ ఫైవ్‌ఎమ్ జట్టునే తనల కలుపుకున్నది. ఇప్పుడు ఆ సర్వర్లల్లనే మనోళ్లు తెలుగుల మాట్లాడుకుంట పోలీసు, డాక్టరు, టాక్సీ డ్రైవరు వేషాలు కడుతున్నరు. నేరమన్న పనే ఎనిమిదేండ్లకు ఆస్తి అయింది. మధ్యల మారింది ఆటా కాదు, మాడూ కాదు.

బామ్మర్ది: ఇప్పుడు ఆ సర్వర్ల సెట్టింగ్ కంపెనీ చేతికే పోయింది గదా?

బావ: పోయింది. రేపు బంద్ అంటే బందే. బస్సిడ్ పిల్లగాని పీఎన్‌జీ మాత్రం వాని ఫోన్ల ఉన్నది, మెమరీ కార్డుల ఉన్నది, వాట్సాప్‌ల దోస్తు దగ్గర ఉన్నది.

బామ్మర్ది: నా పొట్ట సంగతి కూడ చెప్పు బావా. అందరూ స్మూత్ పెట్టుకొని, అందరూ సొంత లివరీలు గీసుకుంటే హైదరాబాదుల బొమ్మలు గీసేటోళ్లం ఏం కావాలె?

బావ: స్మూత్‌ల గూడ మంచిగ కనబడేటట్టు గీసుడే కష్టమైన పని. అల్ట్రా హెచ్‌డీల ఆకు మీద ఈనెలు గీసి చెట్టు అనిపించుడు ఎవనితోనైనా అయితది. నాలుగు గీతలల్ల అది వేపచెట్టా తుమ్మచెట్టా చెప్పాలె. దూరంగ ఉన్న బస్సు పల్లెవెలుగా ఎక్స్‌ప్రెస్సా, వేలెడు లేని రంగు ముక్కతోని చెప్పాలె. 32 ఎంబీల మూడు పట్నాలు ఇరికించినోళ్లు, ఆరు మూలలతోని నట్టును గీసి నవ్వించినోళ్లు చేసింది గా పనే. అట్ల గీయవచ్చినోనికి ఇయ్యాల ఇంకా గిరాకీ ఉండాలె.

బామ్మర్ది: ఉండాలె. కానీ జీతం లెక్క కట్టేటోడు అట్ల చూడడు బావా. ఆరు మూలలు గీసినోన్ని ఒక్క పూటకు పిలుస్తరు, లక్ష మూలలు గీసినోన్ని ఏడాది పొడుగూత ఉంచుకుంటరు.